ఇది లేకపోతే ఏం చేస్తావు?

నర్సింగ్ స్కూల్లో మాకు పాఠాలు చెప్పిన సిస్టర్ ట్యూటర్ గారు కన్నుమూశారన్న కబురు కిందటి నెల మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చూశాను. కేరళ నుంచి చిన్న వయసులోనే గుంటూరు వచ్చి, ఇక్కడే ఉద్యోగం చేసి, ఇక్కడే రిటైరై, చివరికి ఇక్కడి మట్టిలోనే కలిసిన మనిషి ఆమె. జ్ఞాపకార్థ కూడికకు మేము తలా ఒక ఊరి నుంచి బయలుదేరి వెళ్లాము. ప్రార్థన ముగిసి భోజనాలకు లేచినప్పుడు పెరట్లోని కుళాయి దగ్గర ఒక చిత్రం గమనించాను. మిగతావారంతా చేతులు తడిపి తుడుచుకుని వెళ్లిపోతూ ఉంటే, మా వాళ్లు మాత్రం సబ్బు నురగ మణికట్టు పైదాకా పట్టించి, వేళ్ల సందులు, బొటనవేలి మొదలు, గోళ్ల చివరలు వరుసగా రుద్ది, వేళ్లు పైకి, మోచేతులు కిందికి ఉండేలా నీళ్లు వదులుతున్నారు. అందరమూ అరవైకి అటూ ఇటూ ఉన్నాము, కొందరికి మోకాళ్లు అరిగాయి, ఒకామెకు వినికిడి తగ్గింది. చేతులు కడగడం మాత్రం ఒక్కరికీ మారలేదు.

మేము చదివింది ఏఎన్ఎం (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్), అంటే పల్లెల్లో పనిచేసే సహాయ నర్సు కోర్సు. మలేరియాకు ఒకరు, మశూచికి ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు చొప్పున ఇల్లిల్లూ తిరిగే పద్ధతి మాని, పల్లెలో ఒక ఆడ, ఒక మగ కార్యకర్త అన్ని పనులూ చూడాలని 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పిన తరువాత, అంతకు ముందు 2 ఏళ్లు ఉన్న ఈ శిక్షణను 18 నెలలకు తగ్గించి, ప్రవేశానికి పదో తరగతి అర్హతగా పెట్టారు. కాలం తగ్గింది కాని పాఠాలు తగ్గలేదు. పురుడు పోయడం దగ్గర నుంచి బావిలో బ్లీచింగ్ పౌడరు కలపడం దాకా అన్నీ అందులోనే నేర్చుకోవాలి. ఆసుపత్రి నిచ్చెనలో ఆయమ్మ కంటే ఒక మెట్టు పైన, స్టాఫ్ నర్సు కంటే ఒక మెట్టు కింద ఉండే మనుషులం మేము. అయితే అర్ధరాత్రి తలుపు తట్టినప్పుడు డాక్టరు గాని, స్టాఫ్ నర్సు గాని దరిదాపుల్లో లేని ఊళ్లలో ఉద్యోగం చేయవలసింది కూడా మేమే. ఈ సంగతి మాకంటే ముందుగా, మాకంటే బాగా మా ట్యూటర్ గారికి తెలుసు. ఆమె చెప్పిన ప్రతి పాఠమూ ఆ అర్ధరాత్రి కోసమే చెప్పారని ఇప్పుడు అనిపిస్తుంది.

*

మాది పల్నాడు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పొగ కనిపించేంత దగ్గరలో మా ఊరు. పదో తరగతి పాసైన ఆడపిల్లను ఏం చేయాలన్న ప్రశ్నకు మా వాడలో అప్పటికి ఒకటే జవాబు ఉండేది; మా నాన్నగారు మాత్రం సంబంధానికి బదులు దరఖాస్తు ఫారం తెచ్చారు. దానికి ఒక కారణం ఉంది. నా తరువాత పుట్టిన తమ్ముడు, నాలుగు రోజులు చక్కగా పాలు తాగినవాడు, ఐదో రోజు నుంచి దవడలు బిగుసుకుని చన్ను పట్టలేక, చిన్న చప్పుడుకే ఒళ్లంతా కొయ్యబారిపోతూ పది రోజుల లోపే పోయాడు. బొడ్డు ఏ కత్తితో కోశారో, దాని మీద ఏ బూడిద అద్దారో ఆనాడు ఎవరూ అడగలేదు. అది ధనుర్వాతమనీ, కడుపుతో ఉన్నప్పుడు తల్లికి రెండు టీటీ ఇంజక్షన్లు పడి, కాన్పు నాటికి ఒక కొత్త బ్లేడు దగ్గర ఉంటే పిల్లవాడు బతికేవాడనీ చాలా కాలం తరువాత ఒక హెల్త్ విజిటర్ నాన్నగారితో చెప్పిందట. ఆ మాట ఆయనను వదలలేదు.

అమ్మకు నేను వెళ్లడం ఇష్టం లేదు. పెళ్లి కావలసిన పిల్లను ఊరివాళ్ల మలమూత్రాలు ఎత్తడానికి పంపుతున్నారా అని ఇరుగు పొరుగు అడిగినప్పుడు ఆమె దగ్గర సమాధానం ఉండేది కాదు. శిక్షణలో గాజులు వేసుకోకూడదు, పూలు పెట్టుకోకూడదు, గోళ్ళు పెంచకూడదు, జడను ముడి చుట్టి వల బిగించాలి. బయలుదేరే రోజు ఉదయం నా చేతుల గాజులు తీయవలసి వచ్చేసరికి, కన్నెపిల్ల చేతులు బోసిగా ఉండడం చూడలేక అమ్మ పెరట్లోకి వెళ్లిపోయింది. నాన్నగారు బస్టాండుకు వస్తూ ఒక హెచ్ఎంటీ చేతి గడియారం నా చేతిలో పెట్టారు. సెకన్ల ముల్లు ఉన్న గడియారం తప్పనిసరిగా తెచ్చుకోవాలని స్కూలువారు పంపిన కాగితంలో రాసి ఉంది. దాని కోసం ఆయన ఎవరి దగ్గర అప్పు చేశారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

*

మొదటి రోజుల్లో మాకు రోగి ముఖం చూపించలేదు. డెమాన్‌స్ట్రేషన్ గది అనే పొడవాటి హాలులో కొన్ని ఇనప మంచాలు, వాటిలో ఒకదాని మీద మిసెస్ చేజ్ అనే నిలువెత్తు బొమ్మ ఉండేవి. రోడ్ ఐలండ్‌లో బొమ్మలు చేసే మార్తా చేజ్ అనే ఆవిడ 1911లో అమెరికాలోని ఒక ఆసుపత్రి నర్సింగ్ స్కూలు కోసం మనిషంత బొమ్మను తయారు చేసి ఇచ్చిందనీ, అప్పటి నుంచి ఆ పేరు అటువంటి బొమ్మలకు నిలిచిపోయిందనీ నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. మాకు మాత్రం ఆమె ఎంత నొప్పి పెట్టినా కోప్పడని మొదటి పేషెంటు. ఆమెకు స్నానం చేయించాము, నోరు కడిగాము, తల దువ్వాము, పక్కకు తిప్పి వీపుకు పౌడరు రాశాము, కట్లు కట్టాము. ఆమె ముక్కు రంగు ఎప్పుడో వెలిసిపోయింది, ఎడమ మోచెయ్యి వదులైపోయి గట్టిగా పట్టుకుంటే తిరిగిపోయేది. సీనియర్లు ఆమెకు మా ఊరి పేర్లతో ఇంటి పేరు తగిలించి మమ్మల్ని ఏడిపించేవారు.

పక్క వేయడానికే రోజుల తరబడి సాధన ఉండేది. పరుపు మీద దుప్పటి, నడుము దగ్గర మాకింటాష్ అనే ఎర్రటి రబ్బరు షీటు, దాని మీద అడ్డంగా డ్రా షీటు పరిచి, మూలలు కోణం తప్పకుండా మడిచి పరుపు కిందికి తోయాలి. దిండు గలీబు నోరు తలుపు వైపు ఉండకూడదు. మంచం చక్రాలన్నీ ఒకే వైపు తిరిగి ఉండాలి. ఇవన్నీ డాక్టర్ల రౌండు కోసం చేసే ముస్తాబని మేము గొణుక్కునేవాళ్లం. గలీబు, చక్రాల విషయంలో ఇప్పటికీ నా అభిప్రాయం అదే. ముడతల విషయం వేరు. ట్యూటర్ గారు మేము వేసిన పక్క మీద అరచేయి ఆనించి నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లేవారు. ఎక్కడైనా చిన్న ముడత చేతికి తగిలితే మొత్తం తీయించి మళ్లీ వేయించేవారు. కదలలేని మనిషి నడుము కింద ఆ ముడతే పుండుగా మారుతుందని చెప్పి ఊరుకోకుండా, అటువంటి పుండును వార్డులో దగ్గరగా చూపించి, ఆ వాసన పీల్చనిచ్చి తీసుకొచ్చారు. ఆ రోజు రాత్రి మెస్సులో చాలామంది అన్నం ముట్టలేదు.

పక్క సరిగా కుదిరిందని ఊపిరి పీల్చుకునే సమయానికి, మలయాళం యాస పూర్తిగా వదలని తెలుగులో ఆమె అడిగేవారు: "సరే అమ్మాయీ, మాకింటాష్ లేకపోతే ఏం చేస్తావు?" పాత న్యూస్ పేపర్లు దొంతరగా వేసి, పాత చీర మడతల్లో పెట్టి కుట్టాలి. ఆయాసపడే రోగిని కూర్చోబెట్టే బ్యాక్ రెస్ట్ లేకపోతే కుర్చీని మంచం మీద బోర్లించి, దాని వీపు మీద దిండ్లు పేర్చాలి. వేడినీళ్ల సంచి లేకపోతే ఇటుకను కాచి మందపాటి గుడ్డలో చుట్టాలి, ముందు దాన్ని మన మోచేతి లోపలి వైపు ఆనించి చూసుకోవాలి. ప్రతి వస్తువుకూ ఈ ప్రశ్న ఉండేది. జవాబు తెలియకపోతే కోప్పడేవారు కాదు. ఆలోచించేదాకా అక్కడే నిలబెట్టేవారు.

*

ఆ రోజుల ఆసుపత్రిలో ఒకసారి వాడి పారేసే వస్తువులు చాలా తక్కువ. ఉదయం వార్డులోకి అడుగు పెడితే లైసాల్, స్పిరిట్, మరుగుతున్న నీళ్ల ఆవిరి కలిసిన వాసన ఎదురయ్యేది. సిరంజిలు గాజువి. గొట్టం మీద ఒక నంబరు, దాని లోపలి ప్లంజరు మీద అదే నంబరు చెక్కి ఉండేవి. కడిగేటప్పుడు విడదీసిన జతలు కలిసిపోతే ఒకదానిలో ఒకటి ఇరుక్కునేవి, లేకపోతే మందు వెనక్కి కారేది. అందుకని మరిగించే ముందు నంబర్లు చదివి జతపరచడం జూనియర్ల పని. కొత్తగా చేరిన పిల్లలు స్టెరిలైజరు మీద వంగి, ఆవిరికి కళ్లు చికిలించుకుంటూ అంకెలు పైకి చదువుతూ ఉంటే బడిలో ఎక్కాలు అప్పజెబుతున్నట్టు వినిపించేది. సూదుల్లో సన్నని తీగ దూర్చి శుభ్రం చేసి, మొన మొండిబారితే రాయి మీద నూరేవాళ్లం. రబ్బరు గ్లవ్స్‌ను కడిగి, గాలి నింపి నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూసి, తీగ మీద ఆరబెట్టి, పౌడరు చల్లి, సైజుల వారీగా జతలు కట్టి డ్రమ్ములో సర్ది, ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌కు పంపేవాళ్లం. రాత్రి డ్యూటీలో రోగులు నిద్రపోయాక గాజ్ అనే పల్చటి కట్టు గుడ్డ కత్తిరించి మడతలు పెట్టడం, దూది ఉండలు చేయడం ఉండేవి. నరసరావుపేట నుంచి వచ్చిన మా స్నేహితురాలు ఆ మడతలు పెడుతూనే కథలు చెప్పేది. తెల్లవారేసరికి ఒక డ్రమ్ము నిండేది, ఒక కథ ముగిసేది.

ఇంజక్షన్ చేయడం బత్తాయి పండు మీద నేర్చుకున్నాము. తొక్కను దాటుకుని సూది లోపలికి దిగే క్షణం చేతికి తెలియాలని ఆమె అనేవారు. నీళ్లు ఎక్కించిన బత్తాయిలను సాయంత్రం పిండుకుని తాగడానికి సిద్ధపడిన మా గదివాళ్లను వార్డెన్ పట్టుకుని, ఆ నీళ్లు ఎక్కడివని అడిగిన తరువాత ఆ ఆలోచన మానుకున్నాము.

నాడి చూడడానికి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఆమె ఒప్పుకునేవారు కాదు. నిండు నిమిషం వేళ్లు మణికట్టు మీద ఉండవలసిందే. ఆ నిమిషంలో రోగి ఊపిరి ఎలా తీస్తున్నాడో, పెదవుల రంగు ఏమిటో, చెమట పట్టిందో లేదో చూడమనేవారు. గర్భిణి కడుపు మీద ఫీటోస్కోపు పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినడం దీనికంటే కష్టం. అల్యూమినియం గొట్టం వెడల్పు మూతిని కడుపు మీద ఆనించి, రెండో కొసను చెవితో నొక్కి పట్టుకుని, చెయ్యి వదిలేసి వినాలి. చాలా రోజులు నాకు పేగుల చప్పుడు, తల్లి నాడి తప్ప మరేమీ వినిపించలేదు. దిండు కింద పెట్టిన గడియారం టిక్కుటిక్కుమన్నట్టు ఉంటుందని పుస్తకంలో రాసి ఉంటే, ఒక రాత్రి నాన్నగారు ఇచ్చిన హెచ్ఎంటీని నిజంగానే దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. మరికొన్ని రోజులకు వార్డులో ఒక తల్లి పొత్తికడుపు ఎడమ వైపున ఆ చప్పుడు దొరికింది. నిమిషానికి 120 నుంచి 160 మధ్య ఉండాలన్నది కంఠస్థమే కాని, లెక్కపెట్టడం మరిచిపోయి వింటూ ఉండిపోయాను. ట్యూటర్ గారు భుజం తట్టి, "విన్నది చాలు, ఇక లెక్కపెట్టు" అన్నారు.

*

మా చెల్లెలి కూతురు న్యూజెర్సీలో, పిల్లలిద్దరూ బడికి వెళ్లే వయసు వచ్చాక, లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు కోర్సులో చేరింది. అక్కడ అది సుమారు ఏడాది చదువు. ఆ తరువాత ఎన్‌క్లెక్స్ పీఎన్ అనే పరీక్ష పాసైతే లైసెన్సు ఇస్తారు. వీడియో కాల్‌లో తన ల్యాబులోని బొమ్మను చూపించింది. ఆ బొమ్మ కళ్లు ఆర్పుతుంది, ఛాతీ ఎగిరిపడుతుంది, మణికట్టు పట్టుకుంటే నాడి దొరుకుతుంది. మిసెస్ చేజ్ మనవరాలై ఉంటుందని నవ్వుకున్నాను. "పెద్దమ్మా, మేము ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు గాని, డాక్టరు గాని చెప్పిన మేరకు వారి కింద పనిచేస్తాము, మీకు పైన ఎవరుండేవారు?" అని అడిగింది. వారానికో పదిహేను రోజులకో వచ్చే హెల్త్ విజిటర్, మైళ్ల దూరంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక డాక్టరు ఉండేవారని చెప్పాను. మధ్యలో ఏదైనా అవసరం వస్తే ఎలా అని అడిగింది. ఎడ్లబండి ఉండేదని చెప్పాను.

ఆడవాళ్లకు వైద్యం చేయడానికి 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి నిలబడిన డాక్టర్ అన్నా కుగ్లర్ గురించి, 1898లో ఆమె తెరిచిన ఆసుపత్రి గురించి మే 12న నర్సుల దినోత్సవం నాడు ట్యూటర్ గారు మాకు చెప్పేవారు. నైటింగేల్ గారి గురించి పుస్తకంలో ఉంది, చదువుకోండి అని ఒక్క మాటలో తేల్చేసి, కుగ్లర్ గారి దగ్గర మాత్రం చాలాసేపు ఆగేవారు.

*

చివరి భాగంలో మమ్మల్ని పల్లెకు తీసుకెళ్లారు. నల్లని తోలు సంచీ ఒకటి భుజానికి తగిలించుకుని ఇంటింటికీ వెళ్లాలి. ఆ సంచీని తెరవడానికి ఒక పద్ధతి ఉంది. ముందుగా శుభ్రమైన చోటు చూసి న్యూస్ పేపరు పరచాలి, దాని మీద సంచీ పెట్టాలి, పై అరలోని సబ్బు, బ్రష్, తువ్వాలు మాత్రమే తీసి చేతులు కడుక్కోవాలి, ఏప్రన్ కట్టుకోవాలి, ఆ తరువాతే లోపలి అర ముట్టుకోవాలి. పని ముగిశాక పేపరును నేలను తాకిన వైపు లోపలికి పోయేలా మడవాలి. మట్టి అరుగు మీద, కోళ్లు తిరుగుతూ ఉండగా, ముక్కులు కారే పిల్లలు చుట్టూ మూగి చూస్తూ ఉండగా ఇదంతా వరుస తప్పకుండా చేయడం మొదట్లో సిగ్గుగా ఉండేది. కొన్నాళ్లకు ఆ పిల్లలే మమ్మల్ని చూడగానే పాత పేపరు తెచ్చి పరిచేవారు.

ఆ ఊళ్లో ఒక మంత్రసాని ఉండేది. సగం ఊరు ఆమె చేతుల మీదుగానే పుట్టింది. ప్రభుత్వం దాయీలకు, అంటే మంత్రసానులకు, శిక్షణ ఇచ్చి ఇచ్చిన అల్యూమినియం పెట్టెలో ఆమె వక్కలూ పొగాకూ దాచుకునేది. మాలో ఒకరిద్దరు అది చూసి నవ్వారు. ట్యూటర్ గారు నవ్వలేదు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, ఎనిమిదో నెల గర్భిణి ఒకరిని ముందుగా ఆమెనే పట్టి చూడమన్నారు. ఆ ముసలావిడ కళ్లు మూసుకుని, ఎక్కడా నొక్కకుండా అరచేతులు రెండు వైపులా జరిపి, "తల కిందే ఉంది, వీపు కుడి పక్కన ఉంది నర్సమ్మా" అంది. బిడ్డ వీపు ఏ వైపు ఉంటే గుండె చప్పుడు ఆ వైపు స్పష్టంగా వినిపిస్తుంది. ఫీటోస్కోపు పెట్టి వింటే కుడి వైపునే, బొడ్డుకు కింద, వెంటనే దొరికింది. గర్భిణి కడుపు పట్టి చూడడానికి పుస్తకంలో చెప్పిన నాలుగు పట్లు నేర్చుకోవడానికి మేము పడ్డ అవస్థ తలుచుకుని ఎవరమూ నోరు మెదపలేదు.

బూడిద విషయంలో మాత్రం ట్యూటర్ గారు ఆవిడతో రాజీపడలేదు. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, కొత్త బ్లేడు, ఉడకబెట్టిన దారం, ఏమీ అద్దని బొడ్డు అనే ఐదింటిని వేళ్ల మీద లెక్కపెట్టించి, మరునాడు మళ్లీ వచ్చి అడిగి, ఆ మరునాడు మళ్లీ అడిగారు. వక్కలకు వేరే డబ్బా కూడా తానే కొనిచ్చారు. తల్లుల్లో, పసిపిల్లల్లో వచ్చే ధనుర్వాతాన్ని మన దేశం నిర్మూలించిందని 2015లో ప్రకటించినప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చింది ఆ వక్కల డబ్బా.

అవి సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలై, ఒక్కొక్క జిల్లాకూ విస్తరిస్తున్న రోజులు. క్షయ, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, పోలియో, తట్టు అని ఆరు జబ్బుల పేర్లు గోడలన్నిటి మీదా రాసేవారు. నాలుగు ఐస్ ప్యాకులు నింపిన వ్యాక్సిన్ క్యారియర్‌ను ఒళ్లో పెట్టుకుని ఎర్ర బస్సులో వెళ్తూ ఉంటే, అందులో చేపలున్నాయా అని కండక్టర్లు అడిగేవారు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు వేసే డీపీటీ సీసా ఐసుకు ఆనుకుని గడ్డకడితే పనికిరాదు. క్షయకు వేసే బీసీజీ ఎండకు, వేడికి పనికిరాదు, పొడిని ద్రవంలో కలిపిన నాలుగు గంటల తరువాత మిగిలింది పారేయాలి. ఒక చెట్టు కింద ఇద్దరు పిల్లలే ఉంటే కొత్త బీసీజీ కలపాలా, పది మంది పోగయ్యేదాకా ఆగాలా అన్నది మాకు రోజూ ఎదురయ్యే చిక్కు. ఆగితే ఆ ఇద్దరు తల్లులూ కూలికి వెళ్లిపోతారు. మందు వృథా గురించి పైనుంచి ఎవరు ఏమి అడిగినా నేను జవాబు చెబుతాను, ఆ ఇద్దరికీ వేయండి అని ట్యూటర్ గారు అనేవారు.

*

శిక్షణ ముగిశాక నాకు పోస్టింగు వచ్చిన సబ్ సెంటర్, అంటే పల్లెలోని ఆరోగ్య ఉపకేంద్రం, ఒక పాత పెంకుటింటి ముందు గది. సామాను ఇండెంట్ పెట్టాను. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. వచ్చిన తొలి వర్షాకాలంలోనే ఒక రాత్రి, కరెంటు లేని వేళ, నొప్పులు ముదిరిన ఒక తొలిచూలు అమ్మాయిని గోనె పట్టా కప్పి తీసుకొచ్చారు. ఆ ఊరి మంత్రసాని లాంతరు పట్టుకుంది. పిల్లవాడు క్షేమంగానే పుట్టాడు, మాయ పూర్తిగా పడింది, తల్లికి రక్తస్రావం అదుపులోనే ఉంది. పిల్లవాడిని ఒళ్లు తుడిచి తల్లి రొమ్ముల మధ్య పడుకోబెట్టి, ఇద్దరి మీదా దుప్పటి కప్పాను. తెల్లవారాక రిజిస్టరు రాస్తూ ఉంటే బరువు గడి దగ్గర కలం ఆగింది. పిల్లల్ని తూచే సాల్టర్ త్రాసు రాని సామానులోనే ఉంది. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డను ప్రత్యేకంగా చూడాలి కాబట్టి ఆ గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు.

ఎదురుగా కిరాణా కొట్టు తెరుచుకుంటోంది. త్రాసు పళ్లేలు వేడినీళ్లతో కడిగించి, ఉతికిన పాత చీర ముక్కలు రెండు సమానంగా చూసి, ఒకటి పిల్లవాడి కింద, ఒకటి రాళ్ల కింద పరిచాను. శెట్టిగారు రెండు కిలోల రాయి వేసి, అర కిలో వేసి, వంద గ్రాములు వేసేసరికి ముల్లు నిలబడింది. బియ్యం కొనడానికి వచ్చినవాళ్లు చుట్టూ మూగారు. పిల్లవాడి తాత ఆ బరువును వాడంతా చెప్పుకుంటూ తిరిగాడు. ఆ వారం తనిఖీకి వచ్చిన హెల్త్ విజిటర్ గారు రిజిస్టరు చూసి, త్రాసు ఇంకా రాలేదు కదా, ఈ 2,600 గ్రాములు ఎక్కడివని అడిగారు. చెప్పాను. ఆమె కొట్టు దగ్గరికి వెళ్లి, రాళ్ల మీద తూనికల శాఖ ముద్ర ఉందో లేదో చూసుకుని వచ్చి సంతకం పెట్టారు. సాల్టర్ త్రాసు మా సబ్ సెంటర్‌కు చేరేసరికి వాడి అన్నప్రాసన కూడా అయిపోయింది.